ఆ బరువు ఎక్కడికి పోయింది?

ముల్లంగి గింజలు 1.5 గ్రాముల చొప్పున మూడు పళ్లేల్లోకి తూచి పెట్టుకోండి. మొదటి పళ్లెంలో తడి కాగితం పరిచి, గింజలు చల్లి, వెలుతురులో ఉంచండి. రెండో దాంట్లోనూ తడి కాగితమే, కానీ పళ్లాన్ని చీకటి అలమారలో పెట్టి తలుపు వేసేయండి. మూడో దాంట్లో గింజలు పొడిగానే ఉంటాయి, చుక్క నీళ్లు కూడా పోయరు. వారం పది రోజులయ్యాక మూడింటినీ తేమ పూర్తిగా పోయేదాకా ఎండబెట్టి మళ్లీ తూచాలి. తూచే ముందు మాత్రం ఒక పని తప్పకుండా చేయించాలి. ఏది ఎక్కువ తూగుతుంది, ఏది తక్కువ తూగుతుంది, ఎందుకు అనేది తరగతిలో ప్రతి ఒక్కరి చేతా కాగితం మీద రాయించాలి. రాయకపోతే ఫలితం వచ్చాక "నేను ముందే అనుకున్నా" అనని వాళ్లు ఒక్కరూ ఉండరు.

చీకట్లోని మొలకలు పాలిపోయి, సన్నగా, వెలుతురులో ఉన్నవాటికంటే పొడుగ్గా సాగి ఉంటాయి. పొడి గింజలు వేసినవి వేసినట్టే ఉంటాయి. కాబట్టి ఎక్కువమంది రాసేది ఒకటే: చీకటి పళ్లెం పొడి గింజలకంటే బరువు, ఎందుకంటే అవి పెరిగాయి. తూచితే పొడి గింజలు దాదాపు అంతే ఉంటాయి, వెలుతురులోవి కాస్త పెరుగుతాయి, చీకటివి 1.2 గ్రాముల దరిదాపుల్లోకి పడిపోతాయి. అంత పొడుగు సాగిన మొలక, తను పుట్టిన గింజకంటే తేలికయింది.

తర్వాతి పదిహేను నిమిషాల కోసమే ఈ ప్రయోగం. ముందు "సరిగ్గా తూచలేదు" అంటారు. మళ్లీ తూస్తారు. "ఎండబెట్టేటప్పుడు మాడిందేమో" అంటారు. అలాగైతే మిగతా రెండూ ఎందుకు మాడలేదు? "కొన్ని గింజలు కింద పడిపోయాయేమో." లెక్కపెడతారు. ఒక్కో దారీ మూసుకుపోయాక ఎవరో ఒకరు, కాస్త అనుమానంగానే, "గాలిలోకి పోయిందా?" అని అడుగుతారు. టీచర్ ఆ క్షణంలో "శభాష్" అనేస్తే పాఠం అక్కడే ఆగిపోతుంది. "గాలిలోకి పోయిందని ఎలా తేలుస్తాం?" అని తిరిగి అడిగితే మరో వారం నడుస్తుంది.

ఆవరణ వ్యవస్థల గురించి, వాతావరణ మార్పు గురించి చెప్పాలనుకునేవాళ్లు ధ్రువపు ఎలుగుబంటి బొమ్మతో కాకుండా ఈ పళ్లేలతో మొదలుపెట్టాలని నా అభిప్రాయం. పుస్తకాల్లో ఈ రెండూ వేర్వేరు అధ్యాయాలు. చాలాచోట్ల సబ్జెక్టులే వేరు, ఒకటి జీవశాస్త్రంలో, ఇంకొకటి భూగోళంలో. రెండింటినీ కలిపే దారం కార్బన్. కంటికి కనిపించని వాయువుకు బరువుంటుందని, మొక్క ఒళ్లు ఎక్కువ భాగం ఆ వాయువుతోనే తయారవుతుందని పిల్లలకు నమ్మకం కుదరనంతవరకు "అడవులు కార్బన్‌ను పీల్చుకుంటాయి", "బొగ్గు కాలిస్తే కార్బన్ విడుదలవుతుంది" లాంటివి అప్పజెప్పే వాక్యాలుగానే ఉండిపోతాయి.

ఈ విషయంలో పిల్లలు పడే తికమక పెద్ద శాస్త్రవేత్తలూ పడ్డదే. 17వ శతాబ్దంలో యాన్ బాప్టిస్ట్ వాన్ హెల్మాంట్ 200 పౌండ్ల ఎండు మట్టిలో 5 పౌండ్ల విల్లో మొక్క నాటి, 5 ఏళ్లపాటు నీళ్లు మాత్రమే పోశాడు. చివర్లో చెట్టు 169 పౌండ్లు తూగింది, మట్టి తగ్గింది సుమారు 2 ఔన్సులే. చెట్టు మట్టిని తిని పెరగదని దీంతో తేలింది. అక్కడిదాకా బాగానే ఉంది. మరి ఆ బరువంతా ఎక్కడిది? నీళ్లదే అన్నాడాయన. ప్రయోగం నిఖార్సయినది, నిర్ణయం తప్పు. తమాషా ఏమిటంటే 'గ్యాస్' అనే మాటను లోకానికి ఇచ్చింది ఆయనే. బొగ్గు కాలితే వచ్చే వాయువును గుర్తించిందీ ఆయనే. చెట్టు ఆకుల చుట్టూ ఉన్నది కూడా అదేనని తట్టలేదు.

చూసినదానికీ, తేల్చినదానికీ మధ్య ఉండే ఆ సందులోనే అన్వేషణ పద్ధతిలో, అంటే పిల్లలే ప్రశ్న వేసి ఆధారాలు వెతికి నేర్చుకునే చదువులో, టీచర్ చేయాల్సిన పనంతా ఉంది. ఈ పద్ధతిని రెండు రకాలుగా అపార్థం చేసుకుంటారు. వంట పుస్తకంలోలా ఇది పోయి, అది కలిపి, ముందే తెలిసిన జవాబును రాబట్టడమే అన్వేషణ అనుకోవడం ఒకటి. పిల్లల్ని వదిలేస్తే అన్నీ వాళ్లే కనిపెట్టుకుంటారనుకోవడం రెండోది. ఈ రెండోదాని మీద 2006లో కిర్ష్నర్, స్వెల్లర్, క్లార్క్ అనే విద్యా పరిశోధకులు గట్టి విమర్శే రాశారు. విషయం కొత్తగా నేర్చుకునేవాళ్ల బుర్ర ఒకేసారి మోయగలిగింది కొంచెమే, దారి చూపకుండా వదిలేస్తే ఆ కొంచెమూ వెతుకులాటకే ఖర్చయిపోతుందన్నది వాళ్ల వాదన. సరిగ్గా నడిపే అన్వేషణలో అడుగడుగునా ఊతం ఉంటుందని మరుసటి ఏడాదే మరో బృందం జవాబిచ్చింది. 2011లో అల్ఫియరీ బృందం 164 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు ఏ ఆసరా లేని అన్వేషణకంటే నేరుగా చెప్పే పాఠమే మెరుగని తేలింది, టీచర్ ఆసరా ఉన్న అన్వేషణ మాత్రం మిగతా పద్ధతులకంటే బాగా పనిచేసింది. ఈ ఫలితం నన్నేమీ ఆశ్చర్యపరచలేదు. కిరణజన్య సంయోగక్రియ సమీకరణాన్ని పిల్లలు కనిపెట్టాల్సిన పనిలేదు, బోర్డు మీద రాసి చెప్పేయడమే. కానీ మొలక తేలికవడం చెబితే తలకెక్కదు. తూచి చూడాల్సిందే.

ఆవరణ వ్యవస్థ పాఠానికి కావలసిన సరంజామా ఇంకా తక్కువ: నాలుగు పుల్లలు, 4 మీటర్ల తాడు. మీటరు పొడవు, మీటరు వెడల్పు చదరం వేసి, అందులో ఉన్నవన్నీ రాయమంటే మొదటి జాబితా "గడ్డి, మట్టి, చీమలు" దగ్గర ఆగిపోతుంది. భూతద్దం ఇచ్చి, ఒక్క ఎండుటాకు ఎత్తి కింద ఏముందో చూడమనండి. ఆకు అడుగున తెల్లటి బూజు దారాలు, ముట్టుకోగానే ఉండలా చుట్టుకునే పురుగు, ఈనెలు తప్ప ఏమీ మిగలని జల్లెడ లాంటి ఆకు ముక్క కనిపిస్తాయి. విచ్ఛిన్నకారులు అనే మాటకు అప్పుడొక రూపం వస్తుంది. అయినా ఒక్క చదరం వేస్తే జాబితానే వస్తుంది, ప్రశ్న రాదు. రెండోది వేయాలి, ఒకటి చెట్టు నీడలో, ఒకటి బయట ఎండలో. లెక్కలు పక్కపక్కన పెట్టగానే "ఇక్కడ ఇన్నెందుకు, అక్కడ అన్నెందుకు?" అని ఎవరూ అడగమనకుండానే అడుగుతారు. నీడ వల్లనా? తేమ వల్లనా? రాలిన ఆకుల వల్లనా? జనం తొక్కడం వల్లనా? నాలుగూ ఒకేసారి మారాయి కాబట్టి ఏది కారణమో ఈ లెక్కల్ని బట్టి చెప్పలేం. చెప్పలేమని పిల్లలు గుర్తించడమే అక్కడ పెద్ద విజయం. ఇక ఒక్కదాన్నే మార్చి చూసే ఉపాయం వాళ్లే ఆలోచిస్తారు. ఎండ చదరంలో సగం మీద ఆకులు పరుద్దామంటారు, లేదా సగానికి రోజూ నీళ్లు చల్లుదామంటారు. పట్టుకున్న పురుగును ఎక్కడ పట్టారో అక్కడే వదలాలన్నది మొదటి రోజే చెప్పాల్సిన నియమం, దానికి అన్వేషణ అక్కర్లేదు.

ఆహార గొలుసు బొమ్మల్లో ఒక చిన్న ఇబ్బంది ఉంది. గడ్డి నుంచి మిడత వైపు బాణం గీస్తే, గడ్డి మిడతను తింటుందన్నట్టు చదివే పిల్లలు చాలామంది. బాణం శక్తి వెళ్లే వైపు చూపిస్తుందని ఒక్కసారి కాదు, పదిసార్లు చెప్పాలి. దానికంటే లోతైన ఇబ్బంది "ప్రకృతిలో అన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి" అనే వాక్యం. వినడానికి బాగుంటుంది గానీ ఏమీ చెప్పదు. అన్ని ముళ్లూ ఒకేలా ఉండవు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు సముద్రతీరంలో రాబర్ట్ పెయిన్ 1963 నుంచి ఒక రాతి పట్టీ మీద నక్షత్ర చేపల్ని ఏరి సముద్రంలోకి విసిరేస్తూ వచ్చాడు. వాటికి ఆహారమయ్యే ఆల్చిప్ప జాతి జీవులు అడ్డూ అదుపూ లేకుండా రాళ్లంతా ఆక్రమించాయి. ఆ పట్టీ మీద 15గా ఉన్న జాతులు 8కి పడిపోయాయి. పక్కనే నక్షత్ర చేపలున్న చోట అలా జరగలేదు. దీన్ని ఆయన 1966లో ప్రచురించాడు. తరగతిలో దీన్ని కథలా చెప్పేయకండి. ఆ తీరపు జీవుల పేర్లు అట్టముక్కల మీద రాసి, ఏ ఒక్కదాన్ని తీసేస్తే అన్నిటికంటే ఎక్కువ మార్పు వస్తుందో ఊహించమనండి. సంఖ్యలో ఎక్కువగా ఉన్నదాన్నే చాలామంది ఎంచుకుంటారు. పెయిన్ ఫలితం ఆ తర్వాత చూపించాలి.

ఇక వాతావరణ మార్పు. కష్టమంతా ఇక్కడే, ఎందుకంటే దీన్ని సీసాలో పెట్టలేం, తాడుతో కొలవలేం.

తెలుగులో చెప్పేవాళ్లకు మాట దగ్గరే మొదటి చిక్కు. భూమిని చుట్టుకున్న గాలి పొర వాతావరణం. సాయంత్రం వాన పడుతుందా అనేదీ వాతావరణమే. దశాబ్దాల తరబడి సగటు ఎలా ఉందనేదాన్నీ వాతావరణమే అంటాం. పాఠ్యపుస్తకంలో శీతోష్ణస్థితి అని వేరే మాట ఉన్నా వార్తల్లో అది కనపడదు. ఏ మాట వాడినా ఫర్వాలేదు, లెక్క మాత్రం వేరని తెలియాలి. శీతోష్ణస్థితి అనడానికి మామూలుగా 30 ఏళ్ల సగటు తీసుకుంటారు. కాబట్టి తరగతి వాళ్లు నెలంతా థర్మామీటర్ చూసి రాసిన అంకెలు భూమి వేడెక్కుతోందని చెప్పలేవు. "ఈసారి ఎండలు మండిపోయాయి కదా, అదే వాతావరణ మార్పు" అని టీచరే అంటే, గజగజ వణికించే చలి వచ్చిన మర్నాడు అదే తర్కం పిల్లల నోట ఎదురు తిరుగుతుంది.

హరితగృహ ప్రభావం అనే పేరు ఇంకొంచెం ఇబ్బంది పెడుతుంది. హరితం అనగానే పచ్చదనం, మంచిది అనిపిస్తుంది. పైగా మొక్కలు పెంచే గాజు గది వెచ్చగా ఉండేది ముఖ్యంగా వేడెక్కిన గాలి బయటికి పోలేకపోవడం వల్ల. కార్బన్ డయాక్సైడ్ చేసే పని వేరు. నేల వదిలే పరారుణ కిరణాల్ని (కంటికి కనిపించని వేడి కిరణాలు) అది పీల్చుకుని, కొంత భాగాన్ని మళ్లీ కిందికి పంపుతుంది. ఓజోన్ పొర చిల్లు లోంచి ఎండ లోపలికి వచ్చి భూమి వేడెక్కుతోందనే తప్పు నమ్మకం కూడా తరగతుల్లో బలంగా ఉంటుంది. రెండు సమస్యలూ ఒకే వయసులో, ఒకే గొంతుతో చెబుతాం మరి.

సీసాల ప్రయోగం చాలామంది చేసే ఉంటారు. ఒక సీసాలో మామూలు గాలి, ఇంకో దాంట్లో వెనిగర్, వంటసోడా కలిపితే వచ్చే కార్బన్ డయాక్సైడ్. రెండింటి మీదా దీపం, లోపల థర్మామీటర్లు. రెండో సీసా ఎక్కువ వేడెక్కుతుంది, అందరూ చప్పట్లు కొడతారు. 2010లో అమెరికన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లో వచ్చిన ఒక వ్యాసం ఈ రకం ప్రయోగాలను పరీక్షించి, జవాబు సరైనదే గానీ కారణం అది కాదని తేల్చింది. కార్బన్ డయాక్సైడ్ గాలికంటే బరువు, అందుకే బయటి గాలితో సులువుగా కలవక వేడి నిలబడుతోంది. దాదాపు అంతే బరువుండే ఆర్గాన్ నింపినా అలాగే వేడెక్కింది. ఆర్గాన్ హరితగృహ వాయువు కాదు. వాన్ హెల్మాంట్‌ది సరైన కొలతకు తప్పు వివరణ, ఇదీ అంతే. 1856లో యూనిస్ ఫూట్ గాజు గొట్టాల్ని ఎండలో పెట్టి కార్బన్ డయాక్సైడ్ ఉన్నది ఎక్కువ వేడెక్కుతుందని చూపింది. సూర్యుడి వెలుగు పనెంత, పరారుణ కిరణాల పనెంత అని ఆమె పరికరాలు విడదీయలేకపోయాయి. ఆ పని 1859 నుంచి జాన్ టిండాల్ చేశాడు.

అయితే ఈ ప్రయోగం మానేయాలా? నేనైతే మానను. చేయించి, వేడెక్కిందని ఒప్పుకున్నాక ఆర్గాన్ సంగతి చెబుతాను. "మరి మనం చూపించింది ఏమిటి?" అని పిల్లలు గింజుకునే ఆ పది నిమిషాలు సీసా ఇచ్చే జవాబుకంటే ఎక్కువ పని చేస్తాయి. పైనుంచి వేడి నిజంగా కిందికి వస్తుందా అన్నది చూపడానికి వేరే దారి ఉంది. యంత్రాల వేడి చూడటానికి వాడే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌ను, సూర్యుడి వైపు తిప్పకుండా, మబ్బులేని ఆకాశం వైపు పెట్టి చూడండి, తర్వాత మబ్బు వైపు పెట్టండి. మబ్బు ఎక్కువ వెచ్చగా చూపిస్తుంది. మబ్బు పట్టిన రాత్రి నేల ఎందుకు అంతగా చల్లబడదో దీనికి జతచేసి అడగవచ్చు. ఈ పరికరం పట్టేది ఎక్కువగా మబ్బుల, నీటి ఆవిరి వేడినే తప్ప కార్బన్ డయాక్సైడ్‌ది కాదని కూడా చెప్పాలి. లేకపోతే ఇదీ ఇంకో సీసా ప్రయోగమే అవుతుంది.

చేతితో కొలవలేనిచోట ఇతరులు కొలిచిన అంకెల్ని చేతికివ్వాలి. చార్లెస్ కీలింగ్ 1958 మార్చిలో హవాయిలోని మౌనా లోవా అగ్నిపర్వతం మీద కార్బన్ డయాక్సైడ్‌ను కొలవడం మొదలుపెట్టినప్పుడు పది లక్షల గాలి అణువుల్లో 313 దాకా ఉంది. 2024 సగటు 424 దాటింది. నెలనెలా అంకెలు ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. మొత్తం గ్రాఫ్‌ను ఒకేసారి తెర మీద వేసి చూపించడం దీన్ని పాడుచేయడమే. ముందు రెండేళ్ల అంకెలు మాత్రం ఇచ్చి గీయమనండి. పైకీ కిందికీ వెళ్లే అల వస్తుంది. మే నెలలో శిఖరం, సెప్టెంబరు దరిదాపుల్లో లోయ. ఎందుకలా? అలమారలో వెలుతురు లేక, గింజలోని కార్బన్‌ను శ్వాసతో గాలిలోకి వదిలేసి తేలికైన మొలక ఇక్కడ మళ్లీ గుర్తుకు రావాలి. ఉత్తరార్ధగోళంలో నేల ఎక్కువ, అడవులు ఎక్కువ. వేసవిలో ఆ ఆకులన్నీ వెలుతురు పళ్లెం పని చేస్తాయి, చలికాలంలో కుళ్లే ఆకులు, శ్వాసించే నేల చీకటి పళ్లెం పని చేస్తాయి. ఉత్తర ధ్రువం వైపున్న కేంద్రాల్లో ఈ అల పెద్దది, దక్షిణ ధ్రువంలో చాలా చిన్నది. ఆ అంకెలు కూడా ఇస్తే తమ ఊహను తామే పరీక్షించుకుంటారు. తర్వాతే 60 ఏళ్లవి అతికించాలి. అల అలాగే ఉంటుంది, దాని కింద ఉన్న నేలే పైకి లేచినట్టుంటుంది. ఆ పెరుగుదల ఊపిరిది కాదు, ఊపిరి ఏడాది తిరిగేసరికి తీసుకున్నది ఇచ్చేస్తుంది కదా. మరి ఎక్కడిది?

లీటరు పెట్రోలు బరువు ముప్పావు కిలో. కాలిస్తే వచ్చే కార్బన్ డయాక్సైడ్ సుమారు 2.3 కిలోలు. మొదటిసారి విన్నవాళ్లెవరూ నమ్మరు. 12 పాళ్ల కార్బన్‌కు గాలిలోంచి 32 పాళ్ల ఆక్సిజన్ జతపడి 44 అవుతుందని లెక్క వేసి చూసుకుంటే కుదుటపడతారు.

అన్వేషణ అంటే అన్నిటిమీదా ఓటింగ్ పెట్టడం కాదన్న మాట ఇక్కడ చెప్పుకోవాలి. "మనుషుల వల్ల భూమి వేడెక్కుతోందా? రెండు జట్లుగా విడిపోయి వాదించండి" అనే తరగతి నాకు నచ్చదు. బాగా మాట్లాడే జట్టు గెలుస్తుంది, అంతే. దానికి బదులు అనుమానితుల్ని వరసగా నిలబెట్టి విచారించవచ్చు. సూర్యుడే కారణమైతే సూర్యుడి శక్తి పెరగాలి, 1978 నుంచి ఉపగ్రహాల కొలతల్లో అలాంటి పెరుగుదల లేదు. వాతావరణంలో పై పొరలు కూడా వేడెక్కాలి, కానీ స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. అగ్నిపర్వతాలైతే? అవి ఏడాదికి వదిలే కార్బన్ డయాక్సైడ్ మనుషులు వదిలేదాంట్లో 1 శాతం కూడా ఉండదు. 1850-1900 సగటుతో పోలిస్తే 2011-2020 దశాబ్దం 1.09 డిగ్రీల సెల్సియస్ వేడిగా ఉందని ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పు నిపుణుల సంఘం ఐపీసీసీ 2021 నివేదిక చెప్పింది. భూమి, సముద్రం, గాలి మనుషుల వల్లే వేడెక్కాయనడంలో సందేహం లేదని కూడా రాసింది. ఆ వాక్యాన్ని పిల్లలకు ముందే ఇవ్వొచ్చు. శాస్త్రవేత్తలు అక్కడికి ఎలా చేరారన్నదే వాళ్లు వెతకాల్సింది.

మంచు సంగతి గ్లాసులతో తేలుతుంది. ఒక గ్లాసులో నీళ్ల మీద తేలే మంచు ముక్క, ఇంకో దాంట్లో రాయి మీద కూర్చున్న మంచు ముక్క, రెండింటికీ నీటి మట్టం దగ్గర గీత. తేలేది కరిగితే మట్టం మారదు, రాయి మీదది కరిగితే పెరుగుతుంది. ఉప్పునీళ్లతో చేస్తే తేలేదానితోనూ వెంట్రుకవాసి పెరుగుతుంది, శ్రద్ధగా గీత గీసిన గుంపు దాన్ని పట్టేస్తుంది. "అయితే తేలే మంచు పోయినా నష్టం లేదా?" అని అడిగితే 2002లో అంటార్కిటికాలో లార్సెన్ బి మంచు పలక కూలినప్పుడు వెనకున్న హిమానీనదాలు వేగంగా సముద్రంలోకి జారాయని చెప్పొచ్చు. తలుపుకు అడ్డం పెట్టిన రాయి తీసేసినట్టు.

వీటన్నిటికీ సమయం పడుతుంది. మూడు పీరియడ్ల పాఠం పది పీరియడ్లవుతుంది. పరీక్షలో "హరితగృహ వాయువులు నాలుగు రాయండి" అని అడిగే చోట ఇది ఎవరికి కావాలి? ఈ ఫిర్యాదు న్యాయమైనదే, నా దగ్గర పూర్తి జవాబు లేదు. అన్ని పాఠాలూ ఇలా చెప్పలేం. ముల్లంగి, రెండేళ్ల గ్రాఫ్, ఈ రెండూ చేసి మిగతావి మామూలుగా చెప్పినా చాలనిపిస్తుంది. మార్కులు వేసేటప్పుడు మాత్రం మొదట రాసిన ఊహ తప్పయినందుకు కోత పెట్టకూడదు. అలా ఒక్కసారి పెడితే రెండోసారి ఎవరూ నిజంగా ఊహించరు, పుస్తకం చూసి రాస్తారు.

భయం సంగతి కూడా ఉంది. 10 దేశాల్లో 16-25 ఏళ్ల వయసున్న 10,000 మందిని అడిగిన సర్వే 2021లో వచ్చింది. వాతావరణ మార్పు గురించి చాలా లేదా విపరీతంగా ఆందోళన పడుతున్నామని 59 శాతం మంది చెప్పారు. ఇలాంటి పిల్లలకు ఇంకో విపత్తు వీడియో చూపించడం వల్ల ఒరిగేదేమీ లేదు. తరగతి గదిలో లైట్లు ఆర్పితే భూమి బాగుపడుతుందని చెప్పడమూ మోసమే, లెక్క వేయడం నేర్పిన పిల్లలు ఆ లెక్కా వేస్తారు.

లెక్క అంటే ఒకటుంది, గ్రాఫ్ గీసిన తరగతికి చివర్లో ఇవ్వదగ్గది. కీలింగ్ గ్రాఫ్ పది లక్షలకు 1 చొప్పున పెరగాలంటే గాలిలో 780 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ చేరాలి. మనుషులు ఏడాదికి వదులుతున్నది దాదాపు 4,000 కోట్ల టన్నులు. భాగిస్తే ఏటా 5 పెరగాలి. గ్రాఫ్ చూస్తే రెండున్నర దగ్గరే పెరుగుతోంది. సగం కనపడటం లేదు. "సరిగ్గా తూచలేదు" అంటారు మళ్లీ, మౌనా లోవా కొలతల్ని అనుమానిస్తారు, ఉద్గారాల లెక్కను అనుమానిస్తారు. ఆ తర్వాత మొదటి రోజు ప్రశ్నే ఇంకోవైపు నుంచి వస్తుంది: ఆ బరువు ఎక్కడికి పోయింది? కొంత చెట్లలోకి, నేలలోకి అని ముల్లంగి చూసినవాళ్లు వెంటనే పట్టేస్తారు. సముద్రం పేరు మాత్రం అంత తొందరగా రాదు. గ్లాసుడు నీళ్లలో నాలుగు చుక్కల బ్రోమోథైమాల్ బ్లూ (కార్బన్ డయాక్సైడ్ కరిగి నీళ్లు ఆమ్లంగా మారితే రంగు మారే ద్రవం) వేసి, స్ట్రా ఇచ్చి, పీల్చకుండా మెల్లగా ఊదమనండి. నీలం ఆకుపచ్చగా మారి, పసుపు తిరుగుతుంది.